క్యాన్‌లో కలిసిన పాలు, వాడకు చేరని సంఘం

(విశ్వవిద్యాలయ విద్యార్థుల అధ్యయన వేదికపై చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచిన మిత్రులు ఇచ్చిన శీర్షిక 'సహకారోద్యమం, సామాజిక న్యాయం'. అంత పెద్ద మూట నేను మోయలేను. ఒక్క సంఘం చరిత్ర చెప్తాను. గుజరాత్‌లోని ఆనంద్ కేంద్రంగా 1946లో పుట్టిన కైరా జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సంఘం. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. అమూల్ అంటే వినని వాళ్లుండరు. రెండూ ఒకటే.

ఈ కథను మేనేజ్‌మెంట్ పుస్తకాలు బాగానే చెప్తాయి. దోచుకునే కంపెనీ, తిరగబడ్డ రైతులు, నిజాయితీ గల నాయకుడు, కేరళ నుంచి వచ్చిన ఇంజనీరు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ కథలో పదేపదే వచ్చే 'రైతు' అనే మాటలో ఎవరెవరున్నారని ఎవరూ అడగరు. నేను ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను.

ముందు జరిగింది చెప్పుకుందాం. 1945లో బొంబాయి ప్రభుత్వం నగరానికి పాలు తెప్పించే పథకం మొదలుపెట్టింది. ఆనంద్ చుట్టుపక్కల పాలు సేకరించే గుత్తాధికారం పోల్సన్ కంపెనీకి దక్కింది. అప్పట్లో వెన్న అంటే పోల్సనే. బొంబాయిలో పాలధర మంచిగానే ఉంది, ప్రభుత్వం చెల్లిస్తోంది, కానీ ఊళ్లో గేదె పితికిన మనిషికి దళారి ఇష్టమొచ్చినంత ఇచ్చేవాడు. రైతులు వెళ్లి సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్‌తో మొరపెట్టుకున్నారు. సొంత సంఘం పెట్టుకోండి, పోల్సన్‌కు పాలు పోయకండి అన్నాడాయన. మొరార్జీ దేశాయ్‌ని పంపాడు. 1946 జనవరి 4న సమర్ఖా అనే ఊళ్లో సభ జరిగింది. ఊరూరా సంఘం పెట్టుకోవాలి, అవన్నీ కలిసి జిల్లా సంఘం కావాలి, ప్రభుత్వం పాలు ఆ సంఘం దగ్గరే కొనాలి, ఇదీ తీర్మానం. ప్రభుత్వం కాదంది. పదిహేను రోజులు జిల్లా నుంచి బొంబాయికి పాలు కదల్లేదు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చింది. ఆ ఏడు డిసెంబరులో సంఘం రిజిస్టరయింది. త్రిభువన్‌దాస్ పటేల్ మొదటి అధ్యక్షుడు. 1948లో రెండు గ్రామ సంఘాలతో, రోజుకు 250 లీటర్ల పాలతో మొదలైన పని అది.

ఈ సమ్మె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. పదిహేను రోజులు పాలు అమ్మకుండా ఉండగలిగేది ఎవరు? ఖేడా జిల్లా పాటీదార్లకు అప్పటికే 1918 సత్యాగ్రహం నుంచి పన్నులు కట్టకుండా మొండికేసిన అనుభవం ఉంది. పొగాకు ఉంది, నేల ఉంది, కాంగ్రెస్‌లో మనుషులున్నారు, ఢిల్లీలో పటేల్ ఉన్నాడు. ఆ జిల్లాలో సంఖ్యలో ఎక్కువగా ఉన్న బారయ్యా కోలీలకు ఇవన్నీ లేవు. వణకర్, చమార్, భంగీ వాడలకు ఒక్కటీ లేదు. సమ్మె చేసింది పాటీదార్లు మాత్రమేనని నేననను. ఒక్క గేదె ఉన్న ఇల్లు కూడా అందులో ఉంది. కానీ సంఘం పెట్టే శక్తి ఎక్కడి నుంచి వచ్చిందో, సంఘం పగ్గాలు కూడా అక్కడికే చేరాయి. ఖేడా మీద పనిచేసిన పరిశోధకులు దాదాపు అందరూ గుర్తించిన విషయమిది. గ్రామ సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి, జిల్లా బోర్డు సభ్యుడు అంటే చాలాకాలం ఆ కులంవాడే.

1949 మే నెలలో వర్గీస్ కురియన్ ఆనంద్ వచ్చాడు. సంఘం కోసం రాలేదు, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద అమెరికాలో చదివినందుకు బాండు ప్రకారం ప్రభుత్వ క్రీమరీలో పనిచేయడానికి వచ్చాడు. పెళ్లికాని వాడు, క్రైస్తవుడు, మాంసం తింటాడు. ఆయనకు ఆనంద్‌లో ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. ఒక గ్యారేజీలో ఉన్నాడు. తరవాత్తరవాత ఆయన్ని పాల మనిషి అని దేశమంతా కొలిచింది గానీ, మొదట్లో ఆ పాల పట్టణం ఆయన కంచం చూసి తలుపు వేసింది. హైదరాబాద్‌లో ఇల్లు వెతుక్కున్న మీలో కొందరికి దీని గురించి నేను చెప్పక్కర్లేదు.

తరవాత చరిత్ర వేగంగా సాగింది. 1955లో నెహ్రూ ప్రారంభించిన ఫ్యాక్టరీ, గేదె పాలతో పొడి చెయ్యడం కుదరదన్న విదేశీ నిపుణుల మాటను తప్పని తేల్చిన దలాయా అనే సాంకేతిక నిపుణుడు, 1964లో అజర్‌పురా అనే ఊళ్లో ఒక రాత్రి ఉండి అక్కడి సంఘాన్ని చూసిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, 1965లో ఆనంద్‌లోనే జాతీయ పాడి అభివృద్ధి సంస్థ, 1970లో ఆపరేషన్ ఫ్లడ్, 1973లో గుజరాత్ సమాఖ్య. ఒక జిల్లా సంఘం దేశానికి నమూనా అయింది.

ఆ నమూనాలో ఒక మంచి ఉంది, దాన్ని తక్కువ చెయ్యను. ఊళ్లో పాలు పోసే ప్రతి మనిషీ సభ్యుడు కావచ్చు. ఎన్ని గేదెలున్నా ఒక్కటే ఓటు. పాలను వెన్న శాతం చూసి కొంటారు, మొహం చూసి కాదు. డబ్బు రోజూ, లేదా వారానికోసారి చేతికొస్తుంది. కూలికి పోతే పొద్దుగూకాక ఆసామి గడప దగ్గర చెయ్యి చాచి నిలబడాల్సిన మనిషికి ఇది చిన్న సంగతి కాదు. కురియన్ తరచూ ఒక మాట అనేవాడు: పాలు పోసే వరుసలో బ్రాహ్మణుడు దళితుడి వెనక నిలబడతాడు, ఇద్దరి పాలూ ఒకే క్యాన్‌లో కలుస్తాయి, కులానికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుందని. ఆయన నమ్మే అన్నాడు.

ఆ వరుస దగ్గరికే వద్దాం.

'కులనిర్మూలన'లో బాబాసాహెబ్ చెప్పిన సంఘటనలు మీకు గుర్తుండాలి. జైపూర్ సంస్థానంలోని చక్వారాలో ఒక అంటరాని మనిషి తీర్థయాత్ర నుంచి వచ్చి ఊళ్లోని తోటి అంటరానివాళ్లకు భోజనం పెట్టాడు. వడ్డనలో నెయ్యి ఉంది. సవర్ణులు కర్రలతో వచ్చి పడ్డారు. నెయ్యి తినడం వాళ్లను అవమానించడమట. అదే పుస్తకంలో ఖేడాకు పక్కనే ఉన్న అహ్మదాబాద్ జిల్లా జాను గ్రామం కూడా ఉంది. అక్కడ 1935 నవంబరులో దళిత స్త్రీలు లోహపు బిందెలతో నీళ్లు తెచ్చుకున్నందుకు దాడి జరిగింది. సమర్ఖా సభకు సుమారు పదేళ్ల ముందటి మాటలివి. నెయ్యి తినకూడదు, లోహపు బిందె పట్టకూడదు అన్న సమాజంలోకి స్టీలు క్యానూ, వెన్న శాతం కొలిచే గొట్టమూ వచ్చాయి. వస్తే ఏమైంది?

ఘన్‌శ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్ తదితరులు 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో అంటరానితనం మీద చేసిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. మీ లైబ్రరీలో ఉండాలి. పాల సహకార సంఘాలకు దళితులు పాలు అమ్మకుండా అడ్డుకోవడం దాదాపు సగం గ్రామాల్లో కనిపించింది. సంఘం దగ్గర పాలు కొనుక్కోనివ్వనివి దాదాపు నాలుగో వంతు. ఆ రెండు సంఖ్యల తేడా చూడండి. మన డబ్బుతో వాళ్ల పాలు కొనుక్కోవడానికున్న అడ్డు కంటే, మన చేతి పాలు వాళ్ల క్యాన్‌లో పడటానికున్న అడ్డు ఎక్కువ. ద్రవపదార్థం విషయంలో అంటు ఎటు పారుతుందో కులానికి బాగా తెలుసు.

ఇది నాకు పుస్తకం చదివాక తెలిసిన సంగతి కాదు. ఎనభైల్లో బ్యాంకు లోను మీద మా నాయనమ్మకు ఒక గేదె వచ్చింది. లోను గేదెలనేవాళ్లు వాటిని. మా ఊళ్లో పాల సెంటరు ఒక పెద్దరైతు ఇంటి వసారాలో ఉండేది. పొద్దున్నే నాయనమ్మ తపేలా పట్టుకుని వెళితే, నేను వెనకాల. వరుస ఉండేది, నిజమే. కానీ మా వాళ్లు ఎప్పుడొచ్చినా వరుస అయిపోయాక పోయాలి. కొలత గిన్నెకు మా తపేలా తగలకుండా పైనుంచి పోయాలి. మా పాలకు వేరే క్యాను. దానికి చెవి దగ్గర ఒక గుడ్డపీలిక కట్టి ఉండేది, గుర్తు. తమాషా ఏమిటంటే, కాసేపటికి వ్యాను వచ్చేది. అన్ని క్యాన్లూ ఒకే వ్యాను ఎక్కేవి. చిల్లింగ్ సెంటర్‌లో అన్నీ ఒకే ట్యాంకులో పడేవి. మూడు మైళ్ల దూరంలో కలిసిపోయే పాలను మా ఊళ్లో మాత్రం గుడ్డపీలిక కట్టి విడదీసేవాళ్లు. సాయంత్రానికి ఆ ట్యాంకులోని పాలే ప్యాకెట్లయి పట్నంలో ఎవరి పూజగదికి పోయేవో నాకు తెలియదు.

సెంటర్లో పాలు పోయించుకునే కుర్రాడికి నాయనమ్మ వయసులో మూడో వంతు ఉండదు. "ఏమే ముసలీ, ఇవాళ కూడా ఫ్యాట్ తక్కువొచ్చింది. గేదెకు గడ్డి పెడతన్నావా, గాలి పెడతన్నావా?" అనేవాడు. "గట్టు మీద గడ్డి కోస్తే మీ నాన్న కేకలేస్తన్నాడు గదా బాబూ, ఇంకేం పెట్టమంటావు?" అనేది నాయనమ్మ. అక్కడున్న వాళ్లు నవ్వేవాళ్లు. నాకు చాలా ఏళ్ల తరవాత అర్థమైంది, ఆమె చెప్పింది జోకు కాదని.

ఆనంద్ నమూనా అర్థశాస్త్రం మొత్తం ఆ జవాబులో ఉంది. పాలధర వెన్న శాతం మీద ఆధారపడుతుంది. వెన్న శాతానికి గేదె జాతి, ఈత, ఆరోగ్యం ఉన్నాయి, కానీ పాలు నిలబడాలంటే మేత కావాలి. పచ్చిగడ్డి, చొప్ప, తవుడు, చెక్క. చెక్క కొనాలంటే డబ్బు కావాలి, చొప్ప రావాలంటే చేను కావాలి. చేను లేనివాళ్లు ఆసామి గట్టు మీద గడ్డి కోసుకోవాలి, అందుకు బదులుగా కలుపుకో కోతకో పిలిచినప్పుడు పోవాలి, ఎంతిస్తే అంత తీసుకోవాలి. పాల మీద దళారిని తీసేశారు గానీ గడ్డి మీద ఆసామి అలాగే ఉన్నాడు. లాక్టోమీటరుకు కులం తెలియదంటారు. గడ్డికి తెలుసు.

కురియన్ ఆనంద్‌లో దిగిన ఏడాదే, 1949 నవంబరు 25న, బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో హెచ్చరించాడు: రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒక విలువ ఇస్తున్నాం, సామాజిక ఆర్థిక జీవితంలో ఆ విలువను నిరాకరిస్తున్నాం అని. పాల సంఘంలో ఆ వైరుధ్యాన్ని రోజుకు రెండుపూటలా కళ్లారా చూడొచ్చు.

ఈ విషయం సంఘం వాళ్లకు తెలియక కాదు. 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన 'మంథన్' చూడండి. ఐదు లక్షలమంది గుజరాత్ పాడి రైతులు తలా రెండు రూపాయలు వేసుకుని తీసిన సినిమా, కురియన్‌కు కథలో భాగముంది. అది పాలమీద సినిమా అంటారు. నాకైతే సంఘం ఎన్నిక మీద సినిమాగా కనిపించింది. సర్పంచి మీద దళితుల మనిషి గెలుస్తాడు, ఆ తరవాత గుడిసెలు తగలబడతాయి. తమ సొంత డబ్బుతో తమ సొంత కథ చెప్పించుకున్న సంఘం, ఓటు దగ్గర కులం ఏం చేస్తుందో తెరమీద ఒప్పుకుంది. ఒక్క సందేహం మాత్రం ఉంది నాకు. ఆ సినిమాలో దళిత వాడకు దారి చూపేది బయటి నుంచి వచ్చిన డాక్టరు. నసీరుద్దీన్ షా వేసిన భోలా కోపమే అందులో అసలు సరుకు, అతని తలలో ఏముందో మనకు పూర్తిగా చెప్పరు.

ఇప్పుడు మన వైపు రండి. సినిమా 1976. మన కారంచేడు 1985. కారంచేడు హత్యాకాండ దేనితో మొదలైందో విద్యార్థులు సాధారణంగా 'నీళ్ల తగాదా' అని రాసేస్తారు. కాస్త వివరంగా రాయండి. మాదిగలు తాగే చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెకు కుడితి పెట్టిన బకెట్ కడిగారు. ఆ మురికి తాగే నీళ్లలోకి పోయింది. అదేమిటని అడిగినవాళ్ల మీద చెయ్యెత్తారు. మున్నంగి సువార్త అడ్డంగా బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, ఆరుగురిని చంపారు. స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. వాడ వాడంతా చీరాలకు పోయి శిబిరంలో ఉంది, అక్కడి నుంచి దళిత మహాసభ పుట్టింది. కోస్తాలో హరిత విప్లవం డబ్బు పాడిలోకీ, సినిమాల్లోకీ, రాజకీయాల్లోకీ పారుతున్న రోజులవి. గేదె ఆ ఇంటికి సంపద. ఆ గేదె మూతి పెట్టిన బకెట్ మనిషి తాగే నీళ్లకంటే పైమెట్టు మీద ఉంది. పాడి చరిత్ర రాసేవాళ్లు ఈ బకెట్‌ను వదిలేస్తే అది సగం చరిత్రే.

మన రాష్ట్రంలో పాడి సంస్థల కథ ఆనంద్ అంత శుభ్రంగా కూడా లేదు. 1974లో ప్రభుత్వ పాడి కార్పొరేషన్, 1981లో ఆనంద్ పద్ధతిలో సమాఖ్య. 1995లో పరస్పర సహాయక సంఘాల చట్టం వచ్చాక కొన్ని జిల్లా యూనియన్లు ప్రభుత్వ పట్టునుంచి బయటికి వచ్చాయి. ఆ తరవాత కొన్ని కంపెనీలుగా మారాయి. ప్రభుత్వ పెత్తనం పోవాలన్న వాదనలో న్యాయముంది. కానీ పెత్తనం పోయాక ఎవరి చేతిలో మిగిలిందో చూడండి. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమూల్‌నే పిలిపించి ఒప్పందం చేసుకుంది. స్థానిక డెయిరీలా, అమూలా అని పెద్ద రాజకీయ యుద్ధం నడిచింది. ఆ యుద్ధంలో వాడకు ఏ డెయిరీ పాలకవర్గంలో ఎన్ని కుర్చీలు అని రెండు పక్షాల్లో ఎవరూ అడగ్గా నేను వినలేదు.

ఇక చివరిది, చాలామంది ఇబ్బంది పడే భాగం. గేదె గానీ ఆవు గానీ పాలు మానేశాక ఏమవుతుంది? పాడి అంటే దూడ పుట్టాలి. పుట్టిన దూడల్లో సగం మగవి. దున్నడానికి ట్రాక్టరు వచ్చాక దున్నపోతుకు పని లేదు. వట్టిపోయిన పశువు, మగ దూడ, చచ్చిన పశువు, ఈ మూడూ లేకుండా ఒక్క లీటరు పాలు కూడా రావు. మేత, కృత్రిమ గర్భధారణ, పశువైద్యం, పొడి, వెన్న, చాక్లెట్, ఐస్‌క్రీం దాకా ఆనంద్ ఏర్పాటు చేసింది. కళేబరం మాత్రం పాత పద్ధతిలోనే కులానికి వదిలేశారు. లీటరు ధర లెక్కలో దాన్ని ఈడ్చుకుపోయే మనిషి కూలి ఎక్కడా పడదు.

కురియన్ ఇక్కడ తన వృత్తికి నిజాయితీగా ఉన్నాడని చెప్పాలి. గోవధ నిషేధం కోసం 1966లో పార్లమెంటు ముందు పెద్ద ఆందోళన జరిగాక, 1967లో జస్టిస్ సర్కార్ అధ్యక్షతన కేంద్రం ఒక కమిటీ వేసింది. అందులో ఆరెస్సెస్ అధినేత గోల్వాల్కర్, పూరీ శంకరాచార్య ఉన్నారు. కురియన్ కూడా ఉన్నాడు. పనికిరాని పశువులను తీసెయ్యకపోతే మంచి పశువులకు మేత దొరకదని, పూర్తి నిషేధం పాడికి చేటని వాదించాడు. కమిటీ ఏళ్ల తరబడి కూర్చుని ఏ నిర్ణయానికీ రాలేదు. చివరికి మొరార్జీ దేశాయ్ ప్రధానిగా ఉన్నప్పుడు దాన్ని ఎత్తేశారు. సమర్ఖాలో సభ పెట్టిన మొరార్జీయే.

పాల సంఘాలు పుట్టిన ఆ గుజరాత్‌లోనే 2016 జూలైలో ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కారుకు కట్టి కొట్టారు. ఆ తరవాత ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. సురేంద్రనగర్‌లో కలెక్టరు ఆఫీసు ముందు దళితులు కళేబరాలు తెచ్చి పడేశారు. మీ తల్లిని మీరే మోసుకోండి అన్నారు. అహ్మదాబాద్ నుంచి ఊనా దాకా నడిచారు, భూమి అడిగారు. నా దృష్టిలో అది 1946 సమ్మెకు జోడు సమ్మె. ఒకరు పాలు ఆపారు, ఒకరు కళేబరం ఆపారు. పాలు ఆపినవాళ్లకు సంఘం, ఫ్యాక్టరీ, సినిమా దక్కాయి. కళేబరం ఆపినవాళ్లకు కేసులు దక్కాయి. వాళ్లు అడిగింది నేల. నేల ఉంటే గడ్డి ఉంటుంది, గడ్డి ఉంటే గేదె నిలుస్తుంది. మా నాయనమ్మ కుర్రాడికి చెప్పింది కూడా అదే.

కాబట్టి సహకార సంఘాలు వద్దనడం నా ఉద్దేశం కాదు. ప్రైవేటు డెయిరీ ఏజెంటు దగ్గర పాలు పోసే మనిషికి ఓటు కూడా లేదు. సంఘంలో కనీసం సభ్యత్వ రిజిస్టరు ఉంటుంది, మహాసభ తీర్మానాల పుస్తకం ఉంటుంది, చట్టప్రకారం చూపించమని సభ్యులు అడగొచ్చు. మీలో పీహెచ్‌డీ చేసేవాళ్లు ఆనంద్ దాకా పోనక్కర్లేదు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు సెంటరుకు వెళ్లండి. వాడనుంచి ఎంతమంది పాలు పోస్తున్నారు, వాళ్లలో ఎంతమంది సభ్యులు, ఎంతమంది ఎప్పుడైనా పాలకవర్గంలో కూర్చున్నారు, సెంటరు ఎవరి ఇంట్లో ఉంది, వాడ వాళ్ల సగటు వెన్న శాతమెంత, ఊరి వాళ్ల సగటెంత, రాసుకోండి. ఊళ్లో పశువు చచ్చిపోతే ఎవరికి ఫోను చేస్తారో కూడా రాసుకోండి. ఇరవై ఊళ్ల లెక్క చేతిలో ఉంటే ఆ పుస్తకం మీరే రాయొచ్చు.

మా లోను గేదె సంగతి అడుగుతారేమో. రెండో ఈత తరవాత వట్టిపోయింది. మేపలేక సంతలో అమ్మేశాం. అప్పు మాత్రం పాసుపుస్తకంలో చాలాకాలం ఉండి, 1990 రుణమాఫీలో పోయింది. ఆ పుస్తకం ఇంకా మా ఇంట్లో ఉంది, కావాలంటే చూపిస్తాను.

ఇక మీరు అడగండి. జై భీమ్.